సెకండ్ హ్యాండ్ సెమీ హాలోకి పాత గొంతు: పికప్‌ల సంగతి చివర్లో చూద్దాం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. చెన్నైలో ఎపిఫోన్ డాట్ అనే సెమీ హాలో (ఒళ్లు సగం బోలుగా ఉండే) ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అంతకుముందు దాన్ని వాడినతను రాక్ బ్యాండ్ మనిషి. బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర గట్టి సిరామిక్ మాగ్నెట్ పికప్ (తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్ట) పెట్టించాడు. వాల్యూమ్ నాబ్‌లు రెండింటికీ పుష్-పుల్ పాట్లు (నాబ్ కింద ఉండే, పైకి లాగితే స్విచ్‌లా కూడా పనిచేసే రెసిస్టర్లు) వేయించాడు. లాకింగ్ ట్యూనర్లు, నల్ల రంగు సామాను బిగించి, 9 నంబరు సెట్ తీగలు (మొదటి తీగ అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతుల లావు) కట్టాడు. మీకేమో పాత గిబ్సన్ ఈఎస్-335 లాంటి నాదం కావాలి, రూపం కూడా కావాలి. పైగా ఆదివారాలు నాన్నగారి వయొలిన్ పక్కన కూర్చుని త్యాగరాజ కీర్తనలు వాయించాలని ఉంది. మొత్తం ముప్పై వేలు పెట్టగలరు. అందులో పాతిక వేలు అమెరికా పికప్‌ల జతకే పోద్దామా అని అడుగుతున్నారు.

ఆ పాతిక వేలు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనివ్వండి. పికప్‌లు మార్చాల్సి రావచ్చు, రాకపోనూ వచ్చు. అది తేలేది తీగలు, నట్ (మెడ పై కొసన తీగలు ఆనే గాడుల పలక), సెటప్, వైరింగ్ ఈ వరుసలో సరిచేశాకే. ముందే పికప్‌లు కొనేస్తే, 9 నంబరు తీగల పీల గొంతునే ఖరీదైన పికప్‌లోంచి వింటారు. రూపానికి సంబంధించిన పనులు అన్నిటికన్నా ఆఖరున. ఇంకో షరతు: గిటార్ చెక్కకు కొత్త రంధ్రం పడే పని, ఉన్న రంధ్రం పెద్దదయ్యే పని ఒక్కటి కూడా వద్దు. రేపు మీ అభిరుచి మారినా, గిటారే అమ్మాల్సి వచ్చినా, అన్నీ విప్పి మునుపటిలా బిగించగలిగేట్టు ఉండాలి.

ఇక ‘సంప్రదాయం’ అన్నారు కాబట్టి, ఏ సంవత్సరపు సంప్రదాయమో ముందు తేల్చుకోండి. 335 వచ్చింది 1958లో, గిబ్సన్‌కు టెడ్ మెకార్టీ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో. పలచని బోలు ఒళ్లు, నడుమ పొడుగునా మేపుల్ దిమ్మె. బోలు గిటార్ల తియ్యదనం పోకుండా, స్టేజీ మీద ఫీడ్‌బ్యాక్‌తో కూత పెట్టకుండా ఉండాలన్నదే ఆ దిమ్మె ఉద్దేశం. ఆ తొలి గిటార్లకు మెడ మీద చుక్కలు, నికెల్ పూత సామాను, బ్రిడ్జి దాటి కిందికి దిగే పొడుగాటి పిక్‌గార్డ్, తీగల కింది కొసలు పట్టుకునే, ఒంటి మీదే బిగించిన స్టాప్ టెయిల్‌పీస్ ఉండేవి. అరవైల మొదట్లో పిక్‌గార్డ్ పొట్టిదైంది. 1962లో చుక్కలు పోయి చిన్న పలకలు వచ్చాయి. 1965 నాటికి స్టాప్ టెయిల్‌పీస్ స్థానంలో కింది అంచు నుంచి వేలాడే ట్రపీజ్ వచ్చింది, మెడ సన్నబడింది, నికెల్ పోయి క్రోమ్ వచ్చింది. ఒకే గిటార్ ఏడేళ్లలో ఇంత మారింది. మీ డాట్‌కు చుక్కలూ ఉన్నాయి, స్టాప్ టెయిల్‌పీసూ ఉంది. అంటే అది 1958 వైపు మొగ్గిన గిటార్. దాన్ని 1965 వైపు లాగొద్దు. ట్రపీజ్ ఫొటోల్లో బాగుంటుంది, నిజమే. కానీ దానికి కింది అంచున మేకు రంధ్రాలు పడాలి, పాత టెయిల్‌పీస్ స్టడ్ (దాన్ని నిలిపే మర) రంధ్రాలు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతాయి. అక్కడితో ఆ ముచ్చట ముగిద్దాం.

చెక్క విషయంలో మీరు చేయాల్సింది ఏమీ లేదు. పొరలు అతికించిన మేపుల్ ఒళ్లు, నడుమ దిమ్మె, 24.75 అంగుళాల స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు): పాత సూత్రం మీ చేతిలోనే ఉంది. మన ఊరి గాలికి పొరల చెక్కే మేలు కూడా. ఒకే పలకతో చెక్కిన ఖరీదైన పైకప్పుల్లా ఇది అక్టోబరు, నవంబరుల ఐప్పసి వానలకు ఉబ్బి, ఎండలకు కుంగే రకం కాదు. కదిలేది మెడే. దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు తీగలు. యాభై, అరవైల్లో కట్టిన తీగలు బరువైనవి. మూడో తీగకు కూడా చుట్టు ఉండేది. చుట్టు తీగ ప్యూర్ నికెల్‌ది. ఈ రోజు దుకాణంలో మామూలుగా చేతికిచ్చేది నికెల్ పూత పూసిన ఉక్కు చుట్టు. అది ఎక్కువ మెరుస్తూ, గట్టిగా పలుకుతుంది. ప్యూర్ నికెల్ కొంచెం మెత్తగా, నడిమి స్వరాలు నిండుగా పలుకుతుంది. తేడా ఎంతో ఉండదులే అనుకోకండి. ఒక్క తీగల సెట్ మార్చి, రాత్రి పూట తక్కువ వాల్యూమ్‌లో మెడ వైపున్న నెక్ పికప్ మీద వినండి. మీరు వెతుకుతున్నదాంట్లో సగం అక్కడే దొరకవచ్చు. ఫ్లాట్‌వౌండ్ తీగలు ఇంకో మెట్టు ముందుకు వెళ్తాయి. వాటి చుట్టు చదునుగా ఉంటుంది కనుక వేలు జారితే కీచుమనదు, నాదం మొద్దుగా, గుండ్రంగా వస్తుంది. జాజ్ మాత్రమే వాయించేవారైతే 12 నంబరు ఫ్లాట్‌వౌండ్ కట్టుకుని హాయిగా ఉండమనేవాణ్ణి.

మీ ఆదివారాల సంగతి తెలిశాక ఆ మాట అనలేకపోతున్నాను. కీర్తన వాయించాలంటే గమకం కావాలి. వీణ మీద మెట్టు మీదే తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాల దూరం పలికిస్తారు. వీణ మెట్లు మైనం మీద ఎత్తుగా నిలబడి ఉంటాయి కాబట్టి అక్కడ అది సాధ్యం. గిటార్ మెట్లు పొట్టివి. దాని మీద చుట్టున్న మూడో తీగను లాగి తోడి కాంభోజిలు పలికించబోతే వేళ్లు వాచిపోవడం తప్ప ఫలితం ఉండదు. జాజ్ సంప్రదాయం, మన సంప్రదాయం ఇక్కడ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. ఒకటి మూడో తీగకు చుట్టు కావాలంటుంది, రెండోది వద్దంటుంది.

ఈ సందర్భంలో మన పాలకొల్లు మనిషి మాండొలిన్ శ్రీనివాస్ చేసినది చూడండి. మాండొలిన్‌కు నాలుగు జంటల తీగలు ఉంటాయి. జంట తీగలను గమకానికి లాగితే రెండూ ఒకేలా కదలవు, శ్రుతి చెదురుతుంది. ఆయన జంటలు తీసేసి ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఒంటి తీగలు ఐదు కట్టుకున్నారు. చేతికి ఏ గమకం కావాలో ముందు తేల్చుకుని, వాద్యాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవడమంటే అదీ.

మీకు నా సలహా 11 నంబరు ప్యూర్ నికెల్ రౌండ్‌వౌండ్ (మామూలు గుండ్రని చుట్టు) సెట్, మూడో తీగ చుట్టు లేనిది. 24.75 అంగుళాల స్కేలు మీద 11లు చేతికి మరీ బరువుగా ఉండవు. నాన్నగారి శ్రుతికి ఒకటి రెండు స్వరాలు దించినా తీగ సడలిపోయి మెట్ల మీద దబదబ కొట్టుకోదు. 9 నంబరు తీగలు దించితే సరిగ్గా అదే జరుగుతుంది. జారుడు గమకాలు, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలితో పాకడం, ఎక్కువగా వాడండి. లాగుడు చుట్టు లేని సన్నని మూడు తీగల మీద పెట్టుకోండి. జాజ్ పాట వాయించే రోజున టోన్ నాబ్ కాస్త తగ్గిస్తే చాలు, ఫ్లాట్‌వౌండ్ లేని లోటు పెద్దగా తెలియదు.

తీగల సైజు మారగానే మరో మూడు పనులు మీద పడతాయి. ఈ మూడూ చేయకుండా కొత్త తీగలు కట్టి ‘గిటార్ శ్రుతి నిలవడం లేదు’ అనేవాళ్లే ఎక్కువ. మొదటిది నట్. 9లకు కోసిన గాడిలో 11 తీగ ఇరుక్కుంటుంది. ట్యూనర్ తిప్పినప్పుడు ‘టిక్’ మని చప్పుడై శ్రుతి ఒక్కసారిగా ఎగిరితే, తీగ గాడిలో చిక్కుకుందని గుర్తు. నట్ ప్లాస్టిక్‌ది అయితే ఈ అవకాశంలోనే ఎముకతో చేయించండి. చేసేవారి దగ్గర నట్ ఫైళ్లు ఉన్నాయో లేదో ముందే అడగండి. మామూలు ఆకురాయితో గాడి కోస్తే అడుగు చదునై, తీగ సితార్‌లా జుయ్‌మంటుంది. మొత్తం బడ్జెట్లో నేను ఏ మాత్రం వెనకాడకుండా డబ్బు పెట్టమనేది ఈ నట్ పనికే.

రెండోది ట్రస్ రాడ్, మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ. బరువు తీగలు మెడను ముందుకు లాగుతాయి, నడుమ లోతు పెరుగుతుంది. ఆరో తీగను మొదటి మెట్టు మీద, ఒంటిని కలిసే చోటి మెట్టు మీద ఒకేసారి నొక్కి, ఏడో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు చూడండి. మామూలు విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టే. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను గడియారం దిశలో పావు చుట్టు తిప్పి, ఒక రాత్రి ఆగి మళ్లీ చూడండి. చెక్కకు తీరిక కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఊళ్లో గాలి తడితడిగా ఉంటుంది. వానల్లో సెట్ చేసిన మెడ మార్చిలో మరోలా ఉంటుంది. రాత్రంతా ఏసీ, పగలంతా తెరిచిన కిటికీలు ఉన్న గదైతే మెడ ఇంకా ఎక్కువ ఊగుతుంది. గిటార్‌ను గోడకు తగిలించకుండా కేసులో పెట్టుకోండి, సగం టెన్షన్ తీరుతుంది.

మూడోది బ్రిడ్జి మీద ఇంటొనేషన్, అంటే ప్రతి మెట్టు మీదా స్వరం శ్రుతిలో పలికేట్టు చేయడం. తీగ లావు మారితే ప్రతి సాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) జరపాల్సిందే. 12వ మెట్టు దగ్గర నొక్కిన స్వరం, అక్కడే వేలు ఆనించి మీటిన హార్మోనిక్ రెండూ ట్యూనర్‌లో ఒక్కలా రావాలి. నొక్కిన స్వరం హెచ్చుగా వస్తే సాడిల్ వెనక్కి, తగ్గితే ముందుకు. ఎప్పుడైనా సరదాకి చుట్టున్న మూడో తీగ కడితే ఆ ఒక్క సాడిల్‌ను బాగా ముందుకు తేవాల్సి ఉంటుంది.

ఇదంతా అయ్యాక పైసా ఖర్చు లేని పని ఒకటుంది. స్క్రూడ్రైవర్ తీసుకుని పికప్‌ల ఎత్తు తగ్గించండి. గిబ్సన్ చెప్పే మామూలు కొలత, తీగను ఆఖరి మెట్టు మీద నొక్కి చూస్తే, నెక్ పికప్‌కు 2.4 మిల్లీమీటర్లు, బ్రిడ్జి పికప్‌కు 1.6. రాక్ వాయించేవాళ్లు వీలైనంత పైకి లేపుతారు, మీ గిటార్ అలాగే వచ్చి ఉంటుంది. ఆ సిరామిక్‌ను కొలత కంటే కూడా బాగా కిందికి దించండి. గొంతు చించుకోవడం మానేసి మాట్లాడటం మొదలుపెడుతుంది. ఎత్తు తగ్గాక ధ్వని తగ్గుతుంది, దాన్ని ఆంప్ దగ్గర పెంచుకోండి.

ఇప్పుడు అసలు సరదా పని, వైరింగ్. ముందు లోపల ఏముందో గిటార్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. గిటార్‌లో కేబుల్ గుచ్చి, రెండో కొస ప్లగ్ మొనకూ ఒంటికీ మల్టీమీటర్ ముళ్లు ఆనించండి. వాల్యూమ్ పూర్తిగా తెరిచి, స్విచ్ ఒక్కో పికప్ మీద పెట్టి ఓమ్‌లు చూడండి. పాత తరహా హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. 13, 14 దాటితే అది గట్టిగా చుట్టిన రాక్ పికప్. మీ నెక్ పికప్ ఫ్యాక్టరీదే అన్నారు కాబట్టి అది మొదటి కోవలోకి రావచ్చు. వస్తే ఆ పికప్‌ను అలాగే ఉంచేయండి.

లోపలి పాట్లు 500 కె, టోన్ కెపాసిటర్లు 0.022 మైక్రోఫారడ్, ఇదీ పాత పద్ధతి. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కు వెళ్తే కెపాసిటర్ కొద్ది రూపాయలకే దొరుకుతుంది. పాలియెస్టర్ రకం, మీద 223 అని అచ్చు వేసి ఉంటుంది. యాభైల నాటి చారల కెపాసిటర్లనీ, నూనెలో నానిన కాగితం కెపాసిటర్లనీ వేలకు వేలు పోసి తెప్పించుకునే మిత్రులు ఉన్నారు. విలువ ఒకటే అయితే గిటార్ టోన్ సర్క్యూట్లో దాని జాతి గోత్రాలు చెవికి తెలియవని నా గట్టి అభిప్రాయం. అది కనిపించేది కూడా లేదు, బోలు కడుపులో పడి ఉంటుంది. పాట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. బజారులో ఎక్కువగా దొరికేది 470 కె, పర్వాలేదు, అదీ పనికొస్తుంది. కానీ ఏ రకమో చూడండి. ఆసియా పాట్ల మీద ఏ అంటే లాగ్, బి అంటే లీనియర్. మీకు వాల్యూమ్‌కూ టోన్‌కూ ఏ కావాలి. మల్టీమీటర్ వెంట తీసుకెళ్లి కొట్టు దగ్గరే కొలవండి. ఇరవై శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. ఎక్కువ చూపించేవి ఏరుకోండి.

అమెరికన్ సీటీఎస్ పెద్ద పాట్లు కొనమని అందరూ చెప్తారు. అవి మంచివే. కానీ వాటి మెడ 9.5 మిల్లీమీటర్లు. మీ గిటార్‌లో ఇప్పుడున్నవి చిన్న పాట్లైతే రంధ్రం దానికి చాలదు, డ్రిల్ పెట్టి పెద్దది చేయాలి. పైన పెట్టుకున్న షరతు గుర్తుందిగా. పైగా ఎఫ్ ఆకారపు రంధ్రం గుండా చిన్న పాట్లే సుళువుగా దూరుతాయి. ఉన్న రంధ్రంలో ఇమిడే చిన్న ఆల్ఫా పాట్లు చాలు. పాత పాటు ఒకటి విప్పి, మెడ మందం, షాఫ్ట్ మందం కొలుచుకుని వెళ్లండి. షాఫ్ట్ నున్నదా, పళ్లు ఉన్నదా అన్నది కూడా చూసుకోండి. నాబ్ పట్టేది దాన్ని బట్టే.

పుష్-పుల్‌లు తీసేయండి. పాత గిటార్లకు వాటితో చేసే కాయిల్ స్ప్లిట్ (హంబకర్‌లో ఒక కాయిల్‌ను ఆపడం) లేదు. వాల్యూమ్ పాటు మీద ట్రెబుల్ బ్లీడ్ పేరుతో చిన్న కెపాసిటర్ అతికించి ఉంటే అదీ తీసేయండి. ఇప్పుడు ‘ఫిఫ్టీస్ వైరింగ్’ అని జనం చెప్పుకునేది ఏమిటంటే, టోన్ సర్క్యూట్‌ను వాల్యూమ్ పాటుకు కలిపే చోటు. ఈ కాలపు వైరింగ్‌లో అది పికప్ వచ్చి కలిసే కాలుకు కలుస్తుంది. పాత పద్ధతిలో నడిమి కాలుకు, అంటే ధ్వని బయటికి పోయే కాలుకు కలుస్తుంది. ఒక్క సోల్డర్ చుక్క మారుతుంది, అంతే. వాల్యూమ్ పూర్తిగా తెరిచి ఉంటే రెండింటికీ తేడా లేదు. వాల్యూమ్ ఏడుకో ఆరుకో తగ్గించినప్పుడు తెలుస్తుంది. కొత్త పద్ధతిలో గొంతు దుప్పటి కప్పుకున్నట్టు అయిపోతుంది, పాత పద్ధతిలో స్పష్టత నిలుస్తుంది. పాత రికార్డుల్లో వినిపించే ఆ సన్నని, తేటైన, కొద్దిగా గరగరలాడే రిథమ్ ఎక్కువగా ఇలా తగ్గించిన వాల్యూమ్‌లోంచి వచ్చిందే. దీనికి బదులుగా ఒక చిన్న ఇబ్బంది ఒప్పుకోవాలి. వాల్యూమ్, టోన్ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. టోన్ తగ్గిస్తే కొంచెం ధ్వని కూడా పోతుంది. వారంలో అలవాటైపోతుంది.

సెమీ హాలోలో వెనక మూత ఉండదు. అన్నీ ఎఫ్ రంధ్రం గుండానే లోపలికి పోవాలి, అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. ఇలా చేయండి. ముందు పాట్ల నాలుగు రంధ్రాల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది, ఆ గుర్తులను అట్టపెట్టె ముక్క మీదికి ఎక్కించి రంధ్రాలు చేయండి. కొత్త పాట్లు ఆ అట్టకు బిగించి, వైరింగ్ మొత్తం బల్ల మీదే పూర్తి చేయండి. పాటు వీపున సోల్డర్ పట్టాలంటే ముందు అక్కడ గరుకు కాగితంతో రుద్దాలి, 40 వాట్లకు తగ్గని ఐరన్ కావాలి. పది వాట్ల బొమ్మ ఐరన్‌తో పాటును నిమిషాల తరబడి కాల్చారంటే లోపలి ట్రాక్ మాడుతుంది. వైర్లు కాస్త పొడుగ్గానే వదలండి. అయ్యాక అట్ట మీద ఉండగానే ఆంప్‌కు కలిపి, పికప్‌ల మీద స్క్రూడ్రైవర్ మొన తాటించి, నాలుగు నాబ్‌లు, స్విచ్ మూడు స్థానాలు పరీక్షించండి. లోపలికి పంపాక తప్పు కనిపిస్తే ఏడుపొస్తుంది.

పాత వైరింగ్‌ను ముక్కలుగా కత్తిరించకుండా, పికప్‌ల దగ్గర మాత్రం సోల్డర్ విప్పి, ఒక్క గుత్తిగా బయటికి తీయండి. తీసేముందు ప్రతి పాటు షాఫ్ట్‌కు సన్నని ప్లాస్టిక్ గొట్టం బిగుతుగా తొడిగి, పాటును పట్టి ఉంచే మర నట్ విప్పి, పాటును లోపలికి వదలండి. గొట్టం రెండో కొస పైన రంధ్రంలో నిలిచి ఉంటుంది. కొత్త పాటు షాఫ్ట్‌కు అదే గొట్టం తొడిగి మెల్లగా లాగితే పాటు దాని రంధ్రంలోకి దానంతటదే వచ్చి తల పెడుతుంది. ఆక్వేరియంలకు వాడే గొట్టాలు దీనికి బాగా పనికొస్తాయి. కొళత్తూరు చేపల దుకాణాల్లో అన్ని సైజులూ ఉంటాయి, పాటు ఒకటి జేబులో వేసుకెళ్లి సరిపోయేది తెచ్చుకోండి. ఎఫ్ రంధ్రం అంచులకు ముందే మాస్కింగ్ టేపు వేయండి. పాట్ల కాళ్లు గీస్తే వార్నిష్ ఊడుతుంది. టెయిల్‌పీస్ స్టడ్ నుంచి ఒక ఎర్త్ వైరు వస్తుంటుంది, దాన్ని మాత్రం ఎక్కడా పోగొట్టొద్దు. అది తెగితే తీగలను తాకినప్పుడల్లా హమ్ తగ్గకపోగా పెరుగుతుంది.

ఈ పనులన్నీ అయ్యాక కొన్నాళ్లు వాయించండి. బ్రిడ్జి పికప్ ఒక్కటే ఇంకా గుచ్చుతుందని అనిపిస్తే, అప్పుడు దాన్ని ఒక్కదాన్నే మార్చండి. ఏది కొనాలన్నదానికి కొలత ఉంది. సెత్ లవర్ రూపొందించిన అసలు హంబకర్‌కు 1955లో పేటెంట్ దరఖాస్తు పెట్టారు, 1959లో మంజూరైంది. ఆ రోజుల్లో పికప్‌ల అడుగున అంటించిన ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ చీటీ వల్లే వాటికి పీఏఎఫ్ అన్న పేరు. అల్నికో మాగ్నెట్, 42 గేజ్ ఎనామెల్ తీగ, మైనం పోయని కాయిళ్లు. మైనం లేకపోతే గొంతులో కొంచెం గాలి ఆడుతుంది, ప్రతి చిన్న గీతా వినిపిస్తుంది. సేమర్ డంకన్ వారి సెత్ లవర్ మోడల్ ఈ పద్ధతిదే, అల్నికో 2తో, మైనం లేకుండా. వారిదే 59 మోడల్ అల్నికో 5తో, మైనం పోసినది. ఇల్లు, రికార్డింగ్ వరకే అయితే మొదటిది. టి.నగర్ కల్యాణ మండపాల్లో లైట్ మ్యూజిక్ పార్టీతో వాయించే ఆలోచన ఉంటే రెండోది. పెళ్లి పందిట్లో మానిటర్లు మొహాన పెట్టి మోగిస్తారు. మైనం లేని పికప్, బోలు గిటార్ రెండూ కలిస్తే ఈల వేయడం ఖాయం. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పేరు మీద 1980లో గిబ్సన్ తెచ్చిన లూసిల్ గిటార్‌కు ఎఫ్ రంధ్రాలే పెట్టలేదు, దానికి కారణం ఫీడ్‌బ్యాకే. మీరు అంత దూరం పోనక్కర్లేదు. అలాంటి రోజున ఎఫ్ రంధ్రాల్లో మెత్తని ఫోమ్ ముక్కలు దూర్చండి, ఇంటికొచ్చాక తీసేయండి.

కొత్త పికప్ పెట్టగానే స్విచ్ నడిమి స్థానంలో వినండి. గొంతు సన్నబడి, ముక్కుతో పలికినట్టు వస్తే రెండు పికప్‌లు ఎదురు ఫేజ్‌లో ఉన్నాయని, అంటే ఒకదాని ధ్వనిని ఇంకోటి కొంత చెరిపేస్తోందని అర్థం. ఫ్లీట్‌వుడ్ మాక్ గిటారిస్టు పీటర్ గ్రీన్ ఆ శబ్దంతోనే పేరు తెచ్చుకున్నాడు కానీ మీరు అడిగింది అది కాదు. నాలుగు వైర్ల పికప్ అయితే హాట్, గ్రౌండ్ తారుమారు చేస్తే చాలు. అల్లిక తొడుగు ఉన్న ఒకే వైరు పికప్ అయితే ఆ తొడుగే గ్రౌండ్ కాబట్టి మార్చడం కుదరదు, మాగ్నెట్ తిప్పాలి. అందుకే కొనేటప్పుడు నాలుగు వైర్లది అడగండి, ఆ ఒక్క చోట సంప్రదాయాన్ని పక్కన పెట్టండి.

హమ్ గురించి కూడా అడిగారు. మీ ఇంట్లో మూడో పిన్ను ఎర్త్ నిజంగా ఎర్త్‌కు కలిసి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత అపార్టుమెంట్లలో చాలా చోట్ల పిన్ను ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. గిటార్‌కు ఎంత కవచం కట్టినా ఆ లోటు తీరదు. ట్యూబ్‌లైట్ చోక్, ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపి వింటే సగం కారణం అక్కడే బయటపడుతుంది.

రూపం గురించి క్లుప్తంగా. నల్ల సామాను తీసి నికెల్ వేయాలనుకుంటే బ్రిడ్జి, టెయిల్‌పీస్ స్టడ్‌ల దూరం, మర సైజు కొలిచాకే ఆర్డర్ పెట్టండి. ఆసియా గిటార్ల మరలు మెట్రిక్, అమెరికన్ సామానుకు కుదరకపోవచ్చు. మీరు బీసెంట్ నగర్‌లో ఉంటున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. సముద్రపు గాలికి నికెల్ త్వరగా మసకబారుతుంది, క్రోమ్ తట్టుకుంటుంది. పాత గిటార్‌లా కనిపించాలన్న కోరికకు ఆ మసక కలిసొస్తుందనుకుంటే నికెలే వేయండి. లాకింగ్ ట్యూనర్లు ఉంచేయమనే నా మాట. వాటి కోసం హెడ్‌స్టాక్ రంధ్రాలు ఇప్పటికే పెద్దవై ఉంటే, పాత క్లూసన్ తరహా ట్యూనర్లకు కన్వర్షన్ బుషింగులు (పెద్ద రంధ్రాన్ని ఇరుకు చేసే ఉంగరాలు) కావాలి. దొరుకుతాయి, రంధ్రం కొలిచి కొనండి. కానీ శ్రుతి నిలిపే సామాను తీసి అందం కోసం ఇంకోటి పెట్టడం నాకు నచ్చదు. నాబ్‌లు మాత్రం వెంటనే మార్చుకోండి, బంగారు రంగు టోపీ నాబ్‌లు ఖర్చు తక్కువ, గిటార్ ముఖమే మారిపోతుంది.

పాత గిటార్లలా నైట్రో లక్కర్‌తో మళ్లీ పూత వేయించాలా అని చివర్న అడిగారు. వద్దు. ఇప్పుడున్న పాలీ పూత గీకాలంటే పై పొర చెక్క పలచబడుతుంది. ఎఫ్ రంధ్రాల అంచుల దగ్గర అది అసలే సన్నం. తడి గాలిలో లక్కర్ స్ప్రే చేస్తే తెల్లగా పాలు పొంగినట్టు మసక పడుతుంది. చెన్నైలో పొడి గాలి కోసం ఎదురుచూస్తూ కూర్చునేంత ఓపిక పెయింట్ షాపు వాళ్లకు ఉండదు.

తీసేసిన సిరామిక్ పికప్‌ను పారేయకండి. అలాంటివి కావాలనే రాక్ కుర్రాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, తీగల సెట్లకు, నట్ పనికి సరిపడా డబ్బు రావచ్చు. అమ్మేటప్పుడు లీడ్ వైరు కత్తిరించకుండా పూర్తి పొడవుతో ఇవ్వండి, మౌంటింగ్ రింగు, స్ప్రింగులు, మరలు కూడా అదే కవర్లో వేసి ఇవ్వండి. పొట్టి వైరున్న పికప్‌కు సగం ధర కూడా పలకదు. డాట్‌తో వచ్చిన అసలు బ్రిడ్జి పికప్ అమ్మినతని దగ్గర ఇంకా ఉందేమో ముందు ఫోన్ చేసి అడగండి. ఉంటే కొత్తది కొనే అవసరమే రాకపోవచ్చు.